చెప్పుడు ధర

పాలమూరు బజార్లో నేను కుదిర్చినంత మంచి బేరం ఇంతవరకు ఎవరూ కుదర్చలేదు. పెళ్ళి సామాను కొనడానికి వచ్చి మా బాపుకు చెమటలు పట్టించిన పెద్ద పెద్ద ఇళ్ళ ఆడవాళ్ళను చూశాను. వాళ్ళెవరూ నాకు సాటి రారు. రాష్ట్రం వచ్చిన కొత్తలో, పంతొమ్మిదేళ్ళ వయసులో, ఒక పూట గల్లా దగ్గర కూర్చుని, కూర్చున్న చోటి నుంచి లేవకుండా, చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండా, పవర్‌లిఫ్టింగ్ జట్టులో ఒక చోటు సంపాదించాను. మిగతా ఆడపిల్లలు చలికాలమంతా చాకిరీ చేసి తెచ్చుకున్న చోటు అది. నాకైన ఖర్చల్లా కొన్ని స్టీలు టిఫిన్ డబ్బాల మీద రావలసిన లాభం. అంత చవకగా కొన్నదానితో ఒక జట్టు మొత్తాన్ని నిండా ముంచాను. ఆ మాట కూడా గర్వంగానే చెప్పుకోవాలి. చిన్న బేరగాళ్ళకు సాధ్యమయ్యే పని కాదది.

మొన్న షాద్‌నగర్‌లో ఒక పెళ్ళివారికి సామాను దింపి, తిరుగు బస్సు కోసం నిలబడి ఉంటే ఎదురుగా కంపెనీ బస్సు వచ్చి ఆగింది. నీలం చొక్కాల ఆడవాళ్ళు దిగారు. వాళ్ళలో ఆ జట్టులోని ఎస్తేరు ఉంది. మొహం కంటే ముందు నడకను గుర్తుపట్టాను. బరువులెత్తినవాళ్ళు మామూలు రోడ్డు మీద కూడా పాదం మొత్తం ఆనించి నడుస్తారు. నేను నవ్వాను. ఆమె నన్ను చూసింది, గుర్తుపట్టింది, గుర్తుపట్టినట్టు నాకు తెలిసేదాకా ఆగి, అప్పుడు మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా కోపాన్ని అంత శుభ్రంగా నిలవ ఉంచుకున్న మనిషిని చూసి నాకు ముందు ఒళ్ళు మండింది. బస్సు జడ్చర్ల దాటినా ఆ మంట ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

మాది స్టీలు సామాన్ల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. పొద్దున షటరు లేపగానే బాపు మెట్ల మీద నీళ్ళు చల్లి, గల్లాకు ఊదు పొగ పట్టి, బోణి అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పాత ఇత్తడి బిందెలు మార్పిడికి వచ్చేవి. వాటిని తోమే చింతపండు, బూడిద వాసన మా అన్నంలో కూడా ఉండేది. మధ్యాహ్నమంతా పేర్లు కొట్టే మిషను పంటి డాక్టరు దగ్గర వినిపించే చప్పుడు చేస్తూ ఎవరివో పెళ్ళికూతుళ్ళ పేర్లు గిన్నెల అంచుల మీద చెక్కేది. మా ముసలి అవ్వ ఒక మూల బోర్లించిన గంగాళం మీద కూర్చుని ప్రతి గిన్నెనూ వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది. ఏం వినేదో ఎవరికీ తెలియదు. గిరాకీ మాత్రం ఆ చప్పుడుకు భయపడి, తను తెచ్చిన పాత సామానులో ఏదో లోపం ఉందనుకునేది. అదే అవ్వకు కావలసింది.

మా దగ్గర ప్రతి వస్తువుకూ మూడు ధరలుండేవి. చెప్పుడు ధర, నడిమి ధర, ఇచ్చుడు ధర. మొదటిది గిరాకీ మొహం చూసి చెప్పేది, రెండోది వాళ్ళు లేచి నిలబడ్డప్పుడు చెప్పేది, మూడోది వాళ్ళు మెట్టు దిగాక వెనక నుంచి పిలిచి చెప్పేది. నాకు మాటలు రాకముందే ఈ మూడూ వచ్చు. మొదటి ధరకే ఎవరైనా సరే అంటే ఇంట్లో పండగ చేసుకోవాలి కదా, కానీ అవ్వ ఆ రోజంతా దిగులు పడేది. "తక్కువ చెప్పినవే పిల్లా. గంత తొందరగ ఒప్పుకున్నరంటే తక్కువ చెప్పినట్టే" అని నా తల మీద మొట్టేది. లోకంలో ఏ పనైనా పైనుంచి మొదలై కిందికి దిగుతుందని నేను అక్కడే నేర్చుకున్నాను.

యాదయ్య సారు మా దుకాణానికి బహుమతుల కోసం వచ్చాడు. పగలు బడిలో ఆటల సారు, సాయంత్రం పాత కుస్తీ తాలీంలో ఆడపిల్లలతో బరువులెత్తించే మనిషి. ఏదో పోటీ పెట్టుకున్నారట, టిఫిన్ డబ్బాలు కావాలన్నాడు. బాపు లేడు. నేను టీ గ్లాసుతో గల్లా దగ్గర కూర్చునే, పక్క అరలోని డబ్బాలు ఒంటి చేత్తో ముందుకు జరుపుతుంటే ఆయన డబ్బాల వైపు కాకుండా నా వైపు చూసి, "ఎంత తూగుతవ్ బిడ్డా?" అన్నాడు.

"నలభై రెండు. ఎందుకు సార్? నన్ను కూడ తూకం లెక్కన అమ్ముతరనుకున్నరా?"

ఆయన నవ్వలేదు. "మా జట్టుల అందరికంటె తేలిక క్లాసు ఖాళీగుంది. మనిషి దొరుకుతలేరు. ప్రతి ఏడు గా పాయింట్లు నల్లగొండోళ్ళకే పోతున్నయ్. నువ్వు గెలుసుడు అక్కరలేదు. నీ క్లాసుల వచ్చేదే ముగ్గురు. పడకుంట అన్నీ పూర్తి చేస్తే చాలు, మూడో స్థానం నీదే. గా పాయింట్లతోటి మా పిల్లలు ఒడ్డున పడ్తరు."

అంతవరకు నా సన్నదనాన్ని చూసి జాలిపడ్డవాళ్ళే తప్ప దాంట్లో లాభం చూసినవాడు ఒక్కడూ లేడు. ఆ మాటతోనే నేను గాల్లో తేలిపోయాను. కానీ బేరంలో సంతోషం బయటపెట్టకూడదు. టీ తాగుతూ, కొత్తగా చేరేవాళ్ళు ఏం చేయాలని అడిగాను. తాలీంలో ఒక ఆనవాయితీ ఉందట. కొత్తగా వచ్చినవాళ్ళు ఒక చలికాలమంతా ఇనుప బారును ముట్టరు. సీనియర్లకు ప్లేట్లు ఎక్కించాలి, దించాలి, సుద్దపొడి తుడవాలి, మోకాళ్ళకు పట్టీలు చుట్టాలి. దానికి ప్లేట్ల పని అని పేరు. అది అయ్యాకే భుజం మీదికి బారు.

"నేను ప్లేట్ల పని చెయ్య సార్. మొదటి దినమే బారు ఇయ్యాలె. గట్లయితే వస్త. డబ్బాలు కొన్న ధరకే ఇస్త" అన్నాను.

ఆయన చాలాసేపు డబ్బా మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాడు. జట్టుకు డబ్బు లేదు, తేలిక క్లాసుకు మనిషి లేదు. చివరికి, "సరే బిడ్డా. గని గీ ముచ్చట తాలీంల ఎవ్వరికి చెప్పకు" అన్నాడు.

మొదటి సాయంత్రమే చెప్పాను. గెలిచిన బేరాన్ని చెప్పుకోకుండా ఉండటం మా వంశంలో లేదు. నూనె మరక పట్టిన పరుపులు, తుప్పు, నొప్పుల మందు, సుద్దపొడి అన్నీ కలిసిన వాసన ఆ హాలుది. శిరీష అనే అమ్మాయి, నోరు పెద్దది, మనసు చిన్నదని అప్పట్లో నేను తీర్మానించినది, "ప్లేట్లు తీయవే కొత్తదానా" అంది. నేను నడుం మీద చేయి పెట్టుకుని, నేనెందుకు తీయనో, నాకూ సారుకూ కుదిరిన ఒప్పందం ఏమిటో, డబ్బాల సంగతితో సహా వివరించాను. ఆరేడుగురు ఆడపిల్లలు సారు వైపు చూశారు. సారు గోడ మీద హనుమంతుడి వైపు చూశాడు.

అప్పుడు శిరీష నెమ్మదిగా, "ఓహో. మనం నడుములు ఇరగ్గొట్టుకుంటే, గీమె డిస్కౌంటు మీద వచ్చిందా?" అంది.

ఆ రోజు నుంచి నా పేరు డిస్కౌంటు. నేను తాలీం వదిలేదాకా ఒక్కరూ అసలు పేరుతో పిలవలేదు.

శత్రుత్వం అరుపులతో ఉంటుందనుకునేవాళ్ళు ఒకసారి అటువంటి హాలులో నెల రోజులు గడపాలి. నా వంతు వచ్చేసరికి బారు మీద అన్నిటికంటే బరువైన ప్లేట్లు వదిలేసి వెళ్ళేవాళ్ళు. ఒక్కదాన్నే ఒక్కొక్కటీ ఊడదీసుకోవాలి. సుద్దపొడి డబ్బా నేను చేయి చాపగానే ఇంకొకరి ఒళ్ళోకి వెళ్ళిపోయేది. మాది గుడ్డు కూడా ముట్టని ఇల్లు. సారు తినమన్నాడని బస్టాండు బండి దగ్గర దొంగతనంగా ఉడికిన గుడ్లు తిని, సోంపు నములుతూ ఇంటికి పోయేదాన్ని. అవ్వ నా నోటి దగ్గరికి వచ్చి ముక్కు ఎగబీల్చి, నా కంచం వేరే పెట్టేది. అటు తాలీంలో వెలి, ఇటు వంటింట్లో వెలి. నేను మాత్రం ఓడిపోతున్నానని అనుకోలేదు. చవకగా కొన్న వస్తువు కొంచెం గరుకుగానే ఉంటుందని సర్దుకున్నాను.

వాళ్ళు చేసినవాటిలో అసలైనది చప్పట్లు. స్క్వాట్ అంటే బారు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవాలి. తొడ మోకాలి కంటే కిందికి దిగితేనే లెక్క. ఆ సంగతి ప్లేట్ల పని చేసినవాళ్ళకు పక్కన నిలబడి చూసి చూసి తెలుస్తుంది. నేను సగం దిగి లేచేదాన్ని. సారు బడి నుంచి రావడం ఆలస్యమైన సాయంత్రాల్లో శిరీష గుంపు నా చుట్టూ చేరి, "అబ్బో, డిస్కౌంటు! అరవై లేపింది! డెబ్బై లేపింది!" అని చప్పట్లు కొట్టేది. నేను ఉబ్బిపోయేదాన్ని. చప్పట్లు కొట్టనిది ఎస్తేరు ఒక్కతే. ఆమెది మర్రిగూడ. హాస్టల్లో ఉండి చదువుకునేది, జట్టులో అందరికంటే పెద్దది. ఒకసారి నా దగ్గరికి వచ్చి, "గది లేపుడు కాదు. సార్ ఉన్నప్పుడు చెయ్యి, ఆయన చెప్తడు" అంది. కుళ్ళు అనుకున్నాను. సారు ఉన్నప్పుడు తక్కువ బరువులే ఎత్తించేవాడు, వాటితో నేను తెలియకుండానే కింది దాకా దిగేదాన్ని, కాబట్టి ఆయన ఉన్నప్పుడు నా ప్రతాపం బయటపడలేదు.

ఎస్తేరుకు ఆ ఏడు పోటీ ఎందుకంత ముఖ్యమో బస్సులో నల్లగొండ పోతుంటే తెలిసింది. జట్టు మొత్తానికి మొదటి స్థానం వస్తే అందరినీ రాష్ట్ర పోటీకి పంపుతారు. రాకపోతే ఎవరి క్లాసులో వాళ్ళు మొదట వచ్చినవాళ్ళే పోతారు. ఎస్తేరు క్లాసులో నల్లగొండ పిల్ల ఒకతి ఉంది, ఆమెను ఎస్తేరు ఎప్పుడూ దాటలేదు. ఆ ఏడుతో జూనియర్ల వయసు కూడా అయిపోతుంది. రాష్ట్ర పోటీ సర్టిఫికెట్ ఉంటే పోలీసు ఉద్యోగానికి ఆటల కోటాలో పనికొస్తుంది. అంటే ఆమె దారి ఆమె బలంలో లేదు, జట్టు పాయింట్లలో ఉంది. జట్టు పాయింట్లు నా మూడో స్థానంలో ఉన్నాయి. ఇదంతా చెప్పింది ఎస్తేరు కాదు, శిరీష. చెప్పి, "సమజైందా డిస్కౌంటు? పడ్డవనుకో, నిన్ను బస్సెక్కనియ్యం" అంది.

పొద్దున బరువులు చూసే గదిలోకి మగవాళ్ళను రానివ్వరు. సారు బయటే ఆగి, "మొదటి బరువు అడుగుతరు. యాభై చెప్పు. జరమొచ్చినా లేపేది చెప్పాలె" అన్నాడు. లోపల కళ్ళద్దాల మేడం కాగితం ముందు పెట్టుకుని, "స్క్వాట్ మొదటి ఛాన్స్ ఎంత?" అంది. మూడు ఛాన్సులుంటాయని తెలుసు. మూడు! నా రక్తంలో ఉన్న అంకె. మొదట పైది చెప్పాలి, తర్వాత నడిమిది, కుదరకపోతే చివరిది. సారు పాపం ఆటల మనిషి, చివరి ధర మొదటే చెప్పమంటున్నాడు, అందుకే డబ్బాలు కొనడం కూడా రాదు అనుకున్నాను.

"డెబ్బై" అన్నాను.

మేడం తల కూడా ఎత్తకుండా రాసుకుంది. అంత తొందరగా ఒప్పుకుందంటే తక్కువ చెప్పానేమో!

వెనక వరసలో ఎస్తేరు విన్నది. బయటికి రాగానే నా భుజం పట్టి గుంజింది. "ఎంత చెప్పినవే? డెబ్బయ్యా? దిమాక్ ఉందా? పో, పోయి తగ్గించుకో. ఇంక టైముంది, మొదలుకాక ముందు మార్చనిస్తరు."

"నా బరువు, నా ఇష్టం."

"గది మీ దుకాణం కాదు. తగ్గించుకో అంటున్న."

నేను పుట్టినప్పటి నుంచి తగ్గించమని అడిగినవాళ్ళంతా నాకు ఎదుటి పక్షమే. ఎంత గట్టిగా అడిగితే అంత గట్టిగా బిగుసుకోవాలని నేర్చినదాన్ని. పైగా అడిగిన గొంతులో బతిమాలడం లేదు, ఛీత్కారం ఉంది. "నేను మంచిగ లేపితే నీకు కడుపుమంటనా అక్కా?" అన్నాను. ఆమె చేయి తీసేసింది. సారు కోసం చుట్టూ చూసింది. ఆయన ఇంకో గదిలో ఏవో సంతకాలు పెడుతున్నాడు. ఆమె పరుగెత్తింది కూడా. ఆయనను వెతికి తెచ్చేలోపల గంట కొట్టారు.

ఎస్తేరు వాళ్ళమ్మ మర్రిగూడ నుంచి వచ్చి గోడ పక్కన కూర్చుంది. ఆ ఊరి ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన మోకాళ్ళు, మడతపడవు. కాళ్ళు బారచాపుకుని, వచ్చేపోయేవాళ్ళకు అడ్డం కాకుండా చీర సర్దుకుంటూ ఉంది. నేను పక్కనుంచి పోతుంటే, "గింత సన్నగున్నవ్, గంత బరువెట్ల మోస్తవ్ బిడ్డా?" అంది. నేను గొప్పగా నవ్వాను.

మొదటి ఛాన్సు: దిగాను, లేచాను, బారు పెట్టాను, చేతులెత్తి దండం పెట్టాను. చెల్లలేదని మూడు ఎర్ర లైట్లు వెలిగాయి. చప్పట్లు ఎందుకు రాలేదో అర్థం కాక శిరీష వైపు చూశాను. ఆమె మొహం తెల్లబోయి ఉంది. సగానికి కొట్టిన చప్పట్లు ఎక్కడికొచ్చి ఆగాయో ఆమెకు అప్పుడే తట్టినట్టుంది. సరే, చెప్పుడు ధర పోయింది, నడిమి ధరకు వద్దామని నేను నేరుగా బల్ల దగ్గరికి పోయాను.

"సార్, అరవై వెయ్యుండ్రి."

బల్ల దగ్గరి ముసలాయన, "తగ్గదమ్మా. ఇక్కడ పెరుగుడే, తగ్గుడు లేదు" అన్నాడు.

"అరవై ఐదు చెయ్యుండ్రి సార్. మీ మాట కాదు, నా మాట కాదు."

"డెబ్బయ్యే. లేకుంటే ఎక్కువ చెప్పు."

"గదేంది సార్, రెండు కిలోలన్న తగ్గరా?"

హాలంతా నవ్వింది. మైకు పక్కనే ఉందని నాకు తెలియదు. నా బేరం మొత్తం నల్లగొండ జనం విన్నారు. రెండో ఛాన్సులో కిందికి దిగాను, అక్కడే ఉండిపోయాను, పక్కన నిలబడ్డవాళ్ళు బారు ఎత్తి నన్ను బయటికి లాగారు.

మూడోదానికి ముందు ఎస్తేరు వచ్చి నా ముందు నేల మీద కూర్చుంది. పట్టీలు తెచ్చింది, తనవి. నేను ఎవరికీ చుట్టలేదు కనుక నాకు ఎవరూ చుట్టలేదు అంతవరకు. ఒక కాలు తన తొడ మీద పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేంత బిగువుగా చుట్టింది. తల ఎత్తకుండా, "సగంల ఆగకు. కింది దాకా పో. ఊపిరి ఇడువకు. లేస్తవో లేవవో, పో" అంది. కింది దాకా పోయాను. లేవడం మొదలైంది కూడా. సగానికి వచ్చాను. నేను రోజూ దర్జాగా దిగి ఆగిన ఆ సగం దగ్గరే బారు ఆగింది, వణికింది, వెనక్కి వచ్చింది.

మూడు ఛాన్సులూ పోతే మనిషి లెక్కలోంచే పోతుంది. జట్టు రెండో స్థానంలో నిలిచింది. నా మూడో స్థానం పాయింట్లు కలిపి ఉంటే మొదటిది మాదే. శిరీష కాగితం మీద రెండుసార్లు కూడి చూసింది, ఎవరూ అడగకపోయినా. బస్సెక్కనియ్యనని అన్నది, ఎక్కనిచ్చింది. నా పక్క సీటు మాత్రం పాలమూరు దాకా ఖాళీగా ఉంది, నిలబడి ప్రయాణం చేసిన పిల్లలున్నా. ఎస్తేరు దిగేటప్పుడు నా దగ్గర ఆగింది. తిడుతుందని మెడ వంచుకున్నాను. "పట్టీలు ఇయ్యి" అంది. ఇచ్చాను.

మర్నాడు తాలీంకు పోయి ప్లేట్లు దించడం మొదలుపెట్టాను. సారు, "అక్కరలేదు బిడ్డా, మాట ఇచ్చిన కద" అన్నాడు. ఆయన మాట నిలబెట్టుకుంటుంటే నాకు ఇంకా సిగ్గేసింది. ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ క్షమించలేదు, శిరీష కావాలని ప్లేట్లు దూరంగా పెట్టించేది. ఆ చలికాలమంతా మోకాళ్ళకు పట్టీలు చుట్టాను. చుడుతుంటే తెలిసింది. సీనియర్లు తమ మొదటి బరువు ఎంతో పట్టీలు చుట్టేదాని చెవిలోనే చెప్పుకుంటారు. అది ఎప్పుడూ చిన్నదే, సిగ్గుపడేంత చిన్నది. నేను మాఫీ చేయించుకున్నది చాకిరీ అనుకున్నాను. చదువు కూడా దాంట్లోనే కలిసి పోయింది.

ఇప్పుడు ఆ తాలీం లేదు. అద్దాల జిమ్ములు వచ్చాయి. కిరాయి కడితే మొదటి రోజే బారు చేతికిస్తారు, ప్లేట్లు ఎవరివి వాళ్ళే ఎక్కించుకుంటారు. నేను టీ తాగుతూ సాధించిన షరతు ఇప్పుడు ఊరందరికీ దొరుకుతోంది. పాతదే మంచిదని నేననను. ప్లేట్ల పని పేరుతో ఏడిపించిన ఏడుపులు నాకు తెలుసు. కానీ ఆ జిమ్ములో ఒకరి మొదటి బరువు ఇంకొకరికి తెలియదు. మా దుకాణంలో కూడా మూడు ధరలు పోయాయి. గిన్నె మీద స్టిక్కరు ఉంటుంది, గిరాకీ ఫోను తీసి అదే గిన్నె ఇంకెక్కడ ఎంతకు దొరుకుతుందో బాపు మొహానికి చూపిస్తుంది. బాపు ఊ అంటాడు. అవ్వ పోయింది, బతికి ఉంటే ఆ ఫోనును కూడా వేలి కణుపుతో కొట్టి చూసేది.

లెక్క తేల్చాలి. డబ్బాల మీద పోయిన లాభం ఆ ఎండాకాలం పెళ్ళిళ్ళలోనే తిరిగి వచ్చింది. పోయిన పరువును పాలమూరు నెల రోజుల్లో మరిచిపోయింది, నల్లగొండ ఇంకొంచెం ఆలస్యంగా. మరుసటి ఏడు మొదటి బరువు నలభై ఐదు చెప్పాను, అన్నీ పూర్తి చేశాను, మూడో స్థానం వచ్చింది, జట్టుకు మొదటిది వచ్చింది, నేను రాష్ట్ర పోటీకి పోయాను. ఆ సర్టిఫికెట్ ఇంట్లో ఎక్కడో ఉంది, నాకు దేనికీ పనికిరాలేదు, దుకాణంలో కూర్చునేదానికి ఎందుకది. ఎస్తేరు అప్పటికే వయసు దాటి జట్టులోంచి పోయి, షాద్‌నగర్ కంపెనీలో చేరింది. చప్పట్లు కొట్టినవాళ్ళ వాటా ఎంత, చెప్పినా వినని నా వాటా ఎంత అని చాలాకాలం పంచి చూశాను. ఎటు పంచినా నా వైపే ఎక్కువ వస్తుంది. నాకు పోయింది ఒక ఏడాది. ఆమెకు ఆ తర్వాత ఇంకో ఏడాది లేదు.